పట్టికలోనుంచి ఒక్క విలువ

జీతపు చీటీలో "మిగిలిన ఆర్జిత సెలవులు" అన్న గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఒక సంఖ్యను తెచ్చి నిలపడం కంప్యూటరుకు చిటికెలో పని అని చాలామంది భావిస్తారు. చిటికెలో పనే; కాని అక్కడ జాగ్రత్త వహించవలసినవాడు ప్రోగ్రాము వ్రాసిన మనిషి.

ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రకటించిన వ్యాసమే నేటి డేటాబేసులలో అధిక భాగానికి పునాది. ఆయనకు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. సమాచారమంతా పట్టికలుగా ఉండాలి, ప్రశ్నకు వచ్చే జవాబు కూడా పట్టికే కావాలి అన్నది ఆ సిద్ధాంతంలోని అందం. ప్రోగ్రామరుకు చిక్కు కూడా అక్కడే. మనకు కావలసినది ఒక్క అంకె. ఎస్.క్యు.ఎల్. భాషలో సెలెక్ట్ అని అడిగితే చేతికందేది ఒక వరుస, ఒక గడి గల చిన్న పట్టిక. ఒక్కొక్కప్పుడు వరుసలే లేని పట్టిక, మరొకప్పుడు అయిదారు వరుసల పట్టిక.

ఒరాకిల్ వారి పి.ఎల్.ఎస్.క్యు.ఎల్. ఈ విషయంలో కఠినమైన ఆడిటరు వంటిది. సెలెక్ట్ ఇంటూ వాక్యానికి ఒక్క వరుసా దొరకకపోతే 1403 సంఖ్య గల లోపాన్ని, ఒకటికి మించి దొరికితే 1422 సంఖ్య గల లోపాన్ని చూపుతుంది. కొత్తగా చేరిన కుర్రవాళ్లు దీనిని విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ కాఠిన్యమే ఇష్టం. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లోని ఎగ్జిక్యూట్ స్కేలార్‌కు మొహమాటమెక్కువ. మొదటి వరుసలోని మొదటి గడిని అందించి, తక్కిన వరుసలను గురించి నోరు మెదపదు. ఉద్యోగి సంఖ్యతో కాక పేరుతో వెతికితే ఏమవుతుందో ఊహించండి. మనలో వెంకటేశ్వరరావులకు, సుబ్బారావులకు కొదవ లేదు. ఇంటిపేరు పొడి అక్షరం కూడా ఒక్కటే కావచ్చు. ఒకరి సెలవులు మరొకరి చీటీలో అచ్చవుతాయి, లోపమేదీ నమోదు కాదు. ఆర్డర్ బై అని క్రమం చెప్పనంతవరకు ఏ వరుస ముందు వస్తుందన్న హామీ కూడా లేదు.

గడి ఉండి అందులో విలువ లేకపోవడం మరొక సంగతి. దానిని నల్ అంటారు. నల్ అంటే సున్న కాదు, విలువ తెలియదని అర్థం. ఏడాదికి 30 సెలవులు గల ఉద్యోగి ఆ ఏడు ఒక్కటీ వాడుకోలేదనుకుందాం. వాడుకున్న సెలవుల పట్టికలో ఆయన వరుసలే ఉండవు. వాటిని కౌంట్‌తో లెక్కిస్తే 0 వస్తుంది; సమ్‌తో కూడితే నల్ వస్తుంది. 30లోంచి నల్ తీసివేస్తే మిగిలేదీ నల్లే. అనగా ఒక్కరోజూ మానకుండా వచ్చినవాడి గడే ఖాళీ! కోఎలెస్ అన్న మాటతో నల్‌ను సున్నగా మార్చుకోవచ్చు. అయితే ఈ మందు అన్నిచోట్లా పనికిరాదు. ఉద్యోగి సంఖ్యను తప్పుగా కొట్టినా వాడిన సెలవులు 0 అనే వస్తుంది. ఒక్కటీ వాడనివాడికీ అసలు లేనివాడికీ తేడా పోతుంది. ఆ సంఖ్య గలవాడు ఉన్నాడా అని ముందుగా ఉద్యోగుల పట్టికలో చూసుకోవాలి.

సెలవుల లెక్కను మరునెలలో సరిదిద్దుకోవచ్చు. ప్రావిడెంటు ఫండు నామినీ విషయంలో అంత వెసులుబాటు లేదు. చందాదారు తన నిధిని కుటుంబంలో ఒకరికి మించి వాటాలు వేసి వ్రాయవచ్చు: భార్యకు సగం, తల్లికి సగం. నామినేషన్ల పట్టికలో అవి రెండు వరుసలు. ఒకే పేరును ఆశించి వ్రాసిన ప్రోగ్రాము భార్యను చూపి తల్లిని విడిచిపెడుతుంది, లేదా తల్లిని చూపి భార్యను. కొడుకు పోయిన దుఃఖంలో ఆ తల్లి కార్యాలయానికి వచ్చి తన పేరేదని అడిగితే, కౌంటరులోని గుమాస్తా తెరమీద కనబడినదే చెబుతాడు. ఇటువంటిచోట ఎగ్జిక్యూట్ రీడర్‌తో వరుసలన్నీ చదివించి, వాటాల మొత్తం 100 శాతం అయిందో లేదో సరిచూసి, ఆ తరువాతే ఉత్తరాలు తయారుచేయించాలి. నామినీలు ఇద్దరైతే ఉత్తరాలూ రెండు.