జనులు మిక్కిలి వినెడి గాయకులు – వారిని మన యిండ్లకు దెచ్చిన యంత్రములు

మన విద్యార్థులు నలుగురు గూడిన చోట సంగీత ప్రసంగము వచ్చెనేని, ఎవరి గానము శ్రేష్ఠమను వాదము పుట్టక మానదు. ఒకడు ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పక్షము వహించును. వేఱొకడు బాలసుబ్రహ్మణ్యముగారిని మించినవారు లేరనును. ఇంటిలో పెద్దల వలన నాలుగు కీర్తనములు నేర్చిన బాలిక బాలమురళీకృష్ణగారి పేరు చెప్పును. ఎనిమిదవ తరగతి పిల్లవాడు నిన్న వచ్చిన చలనచిత్రములోని పాటయే పాట యనును. ఈ వాదమున తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు, చెప్పినను వినువారుండరు. అయితే ఈ వాదము వెనుక నొక ప్రశ్న దాగియున్నది. ఒక కాలపు జనులు ఒక గాయకునే యెక్కువగా వినుటకు కారణమేమి? కంఠమాధుర్యము, విద్య, సాధన యని యెల్లరును చెప్పుదురు. నిజమే. కాని మధురకంఠులు ప్రతి తరమునందును పెక్కురు గలరు. వారిలో కొందఱి గానమే యింటింటికిని చేరుటకు, ఆ గానము ఏ మార్గమున వచ్చినదో, ఆ మార్గము ఎట్టి కంఠమున కనుకూలమో, అదియు గొప్ప కారణము. దీనినే యిక్కడ వివరింప దలచితిమి.

త్యాగరాజస్వామి 1847వ సంవత్సరమున దేహము చాలించెను. అమెరికాదేశమున ఎడిసన్ అనువాడు శబ్దమును పట్టి మరల పలికించు యంత్రమును 1877లో కనిపెట్టెను. ఈ రెండు సంవత్సరముల నడుమ అంతరము ముప్పది యేండ్లు మాత్రమే. ఆ ముప్పది యేండ్ల మూలమున ఆ మహనీయుని కృతులు శిష్యుల కంఠములనుండి మనకు వచ్చినవి గాని, ఆయన కంఠమెట్టిదో యెఱుగు భాగ్యము మనకు లేకపోయెను. అంతకు పూర్వము ప్రపంచములోని గాయకులందఱి గతియు నిదియే. పాడువాడు ఎదుట నున్నంత సేపే పాట. దేవాలయ మండపమున గాని, రాజాస్థానమున గాని, హరికథ పందిరిలో గాని కూర్చున్నవారే శ్రోతలు.

1902వ సంవత్సరమున గైస్‌బర్గు అను నాంగ్లేయ కంపెనీ యుద్యోగి కలకత్తాకు వచ్చి, గౌహర్ జాన్ అను ప్రసిద్ధ గాయని పాటలను రికార్డులకెక్కించెను. ఆ రికార్డుల చివర ఆమె తన పేరును ఇంగ్లీషున బిగ్గఱగా చెప్పుట నేటికిని వినవచ్చును. అచ్చు వేయుటకు అవి జర్మనీలోని కర్మాగారమునకు పోవలసియుండెను గనుక, అచటివారు గాయని నెఱుగుటకై యిట్లు చెప్పించిరి. అప్పటి పద్ధతి మిక్కిలి మోటైనది. గాయకుడు పెద్ద కొమ్మువంటి గొట్టములో తల యుంచి పాడవలెను. ఆ ధ్వనికి గొట్టము చివరనున్న పలుచని బిళ్ల యదరును. దాని కంటిన సూది తిరుగుచున్న మైనపు పలకపై గాడి గీయును. విద్యుచ్ఛక్తి సహాయ మేమియు లేదు. కంఠబలమే సూదిని కదల్పవలెను. మెల్లగా పాడినచో గాడియే పడదు. మఱియు ఆ రికార్డు నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల పలక యొక ప్రక్కను మూడు నిమిషముల పైచిల్లర మాత్రమే పట్టును. గంటసేపు రాగము విస్తరించు విద్వాంసుడు ఆ మూడు నిమిషములలో నేమి చేయగలడు? రాగచ్ఛాయ నొక రెండు పట్లు చూపి, పల్లవి, అనుపల్లవి, చరణము పరుగున ముగించును. ఈ పలకలు లక్కతో చేయబడినవి. ఆ లక్క మన దేశపు అడవులలోనిదే.

ఇట్టి యంత్రమునకు మన తెలుగుదేశమున తగినవారు ముందే సిద్ధముగా నుండిరి. వారు పద్యనాటకముల నటులు. మైక్రోఫోను లేని దినములలో, వేలకొలది జనుల యెదుట రాత్రి తెల్లవార్లు పాడుటకు వారు అలవాటు పడియుండిరి. వారి పద్ధతిని నేటి బాలురు పరిహసింతురు. మేమొకప్పుడు తరగతిలో పాత నాటక పద్య మొకటి వినిపింపగా, ఆ దీర్ఘమైన రాగము వినబడగానే వెనుక బల్లలవారు నవ్విరి. ఆ నవ్వు అన్యాయమైనది. దాని కారణము తెలియుటకు మన ప్రార్థనశాలలోనే యొక పరీక్ష చేయవచ్చును. ఒక బాలుడు వేదిక మీద నిలిచి, యంత్ర సహాయము లేక, తానెన్నడును పాడని పద్య మొకటి పాడవలెను. వేఱొకడు వెలుపలి గుమ్మము కడ నిలిచి తనకు వినబడినది వ్రాయవలెను. అచ్చులు చేరును, హల్లులు జారిపోవును. ‘ఆ’ యను ధ్వని దూరము పోవును. ‘స’ ‘శ’లకు, ‘త’ ‘ప’లకు భేదము దారిలోనే నశించును. ఈ సంగతి ఆ నటులకు శాస్త్రము చెప్పకున్నను అనుభవము చెప్పినది. కావుననే వారు మాటను గట్టిగా పలికి, అచ్చుమీద రాగమును నిలిపి, దానిని పందిరి చివరకు నెట్టుచుండిరి. కట్టకడపటి వరుసలోనివాడు కూడ అణాయిచ్చి వచ్చినవాడే గదా! అతనికి పద్యము ముందే కంఠస్థము. అతడు కోరినది రాగము. నచ్చినచో ‘వన్స్ మోర్’ అని కేక వేసెడివాడు. చచ్చి పడిన పాత్రధారి కూడ లేచి మరల పాడవలసి వచ్చెడిదని పెద్దలు హాస్యముగా చెప్పుదురు.

తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములును, హరిశ్చంద్ర నాటకమును ఇట్లు జనుల నోట నిలిచినవి. హరిశ్చంద్రలోని కాటిసీనున మన గుఱ్ఱము జాషువ కవిగారి శ్మశాన పద్యములను నటులు చేర్చి పాడుట ఆచారమయ్యెను. పుస్తకము కొనలేనివారు, అసలు చదువే రానివారు, ఆ పద్యములను నటుల నోట విని నేర్చిరి. వినుకొండలో పుట్టి, కులము కారణముగా నెన్నో యవమానములు పడిన కవి వాక్యములు ఊరూర రాత్రివేళ వినబడుటకు దారి చేసినవారు ఈ నటులే గనుక, వారిని చూచి నవ్వుట తగదని మా మతము. గ్రామఫోను రాగా కపిలవాయి రామనాథశాస్త్రిగారివంటి నటుల పద్యములు రికార్డులుగా వెలువడి బహుళ ప్రచారము పొందినవి. ఒక పద్యము, దాని రాగము, మూడు నిమిషములు: కొలత సరిపోయెను.

ఈ నటులకు తోడుగా నుండినది హార్మోనియము. దాని మెట్లు స్థిరములు. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జారుచు పలుకు గమకములు దానిపై రావు. ఈ దోషము చెప్పి ఆకాశవాణి అధికారులు 1940లో దానిని రేడియోనుండి బహిష్కరించిరి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. పల్లెటూళ్లలో దానిని మించిన వాద్యము లేదని జనులు తలచుచుండగానే, రేడియోలో దాని ధ్వనియే లేకపోయెను. జనుల యిష్టమును నిర్ణయించువారు జనులే కారని దీనివలన తెలియుచున్నది.

1925 ప్రాంతమున విద్యుత్పద్ధతిని రికార్డులు చేయుట వచ్చినది. మైక్రోఫోను గాలిలోని యదరును విద్యుత్ప్రవాహముగా మార్చును. దానిని ఎంతగానైనను పెంచవచ్చును. అప్పటినుండి బిగ్గఱగా పాడుట యవసరము కాదు, అలవాటు మాత్రమే. చెవి కడ రహస్యము చెప్పునట్లు పాడినను వేయిమంది విందురు. హల్లులు దారిలో పడిపోవు. తెలుగున మొదటి మాటలాడు చిత్రమగు ‘భక్తప్రహ్లాద’ 1932లో వచ్చినది. మొదట నటించువారే పాడవలసి యుండెను. నాగయ్యగారు ‘త్యాగయ్య’, ‘యోగివేమన’ చిత్రములలో అట్లే పాడిరి. భానుమతిగారు తుదివరకు తన పాటను తానే పాడుకొనిరి. పిమ్మట ఒకరు పాడగా మఱియొకరు పెదవులు కదల్చు పద్ధతి స్థిరపడెను. దానితో ముఖము లేని కంఠము ఒకటి జనులకు ప్రియమగుట సాధ్యమయ్యెను.

ఘంటసాలవారి కాలమిదియే. 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో పుట్టి, విజయనగర మహారాజావారి సంగీత కళాశాలలో చదువుటకు పోయి, మధుకరము చేసికొని, అనగా నాలుగిండ్ల అన్నము యాచించి, విద్య నేర్చిన వారాయన. 1942 ఉద్యమమున చెఱసాలకు పోయిరి. మదరాసు చేరి మొదట చిల్లర పాత్రలు, బృందగానములు చేసి, ‘పాతాళభైరవి’ (1951) నాటికి తెలుగువారి యింటి కంఠమైరి. ‘మాయాబజారు’ (1957)లో సాలూరు రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టి విరమింపగా, మిగిలిన పని యంతయు వీరే పూర్తిచేసిరి. రెండు చేతుల పని యని ఆ పాటలు విన్నవారికి తోచదు.

ఆయన చేసిన ముఖ్యకార్యము పద్యపఠనమును మార్చుట యని మా యభిప్రాయము. నాటకపు పద్యమును ఆయన బాగుగా నెఱుగును. కాని మైక్రోఫోను ముందు నిలిచి, పందిరి చివరివానికై కాక, ఎదుట కూర్చున్న యొక్కనికై పాడినట్లు పాడిరి. రాగమును తగ్గించిరి. సమాసమును అర్థము చెడని చోట విఱిచిరి. ప్రతి యక్షరమును దాని బరువుతో పలికిరి. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ ఆయన కంఠమున విన్నవారికి నిఘంటువు అక్కఱ లేకయే భావము తెలియును. తెలుగు చెప్పు ఉపాధ్యాయులమగు మేము గంటసేపు బోధించి సాధింపలేనిది ఆ రికార్డు సాధించుట చూచి కొంచెము అసూయ పడినాము కూడ! అయినను ఆయన రంగస్థల నటులకంటె గొప్పవారని దీనివలన సిద్ధింపదు. ఆ నటులకు మైక్రోఫోను లేదు. అది లేని పందిరిలో ఘంటసాలవారును అచ్చునే పట్టుకొని రాగము తీయవలసినవారే.

రికార్డు కాలపరిమితి మాఱినప్పుడు పాటయు మాఱినది. 1948లో అమెరికాలో వెలువడిన నిడివిగల రికార్డు ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా పలుకును. భగవద్గీత శ్లోకములు కొన్ని యేర్చి, తెలుగు తాత్పర్యముతో ఘంటసాలవారు పాడుట ఇట్టి రికార్డు వలననే యనుకూలమయ్యెను. ఆయన 1974 ఫిబ్రవరి 11న మరణించిరి. అది వెలువడినది ఆ పిమ్మటనే. ఇప్పుడు తెలుగు ఊళ్లలో ఏ యింటనుండి యైనను అది బిగ్గఱగా వినబడినచో, ఆ వీధివారు ఎవరు పోయిరని అడుగుదురు. ఇది గ్రంథమునకు గాని గాయకునికి గాని ఉద్దేశింపబడిన గతి కాదు. లౌడుస్పీకరు కల్పించిన గతి.

రేడియో మార్గము వేఱు. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయ్యెను. రేడియో ఉదయమున పడకగదిలో పలుకును. అక్కడ కేక పనికిరాదు. కావున రావు బాలసరస్వతీదేవిగారి సన్నని కంఠమును, లలితగీతములును దానికి నప్పినవి. బాలమురళీకృష్ణగారిని కచ్చేరిలో టిక్కెట్టు కొని విన్నవారికంటె విజయవాడ కేంద్రపు ‘భక్తిరంజని’లో విన్నవారే మిక్కిలి ఎక్కువ. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు మానివేయగా శ్రోతలు సిలోను రేడియోకు తిరిగిరి. మరల వారిని రప్పించుటకు 1957లో వివిధభారతిని స్థాపింపవలసి వచ్చినది. శ్రోతకు చేతిలో మీటయున్నదని అప్పుడు అధికారులకు తెలిసినది.

విజయనగరమున పుట్టి, అచటి సంగీత కళాశాలలోనే చదివిన పి. సుశీలగారు ఆరింటికి పైగా భాషలలో 17,695 పాటలు పాడిరని 2016లో గిన్నిస్ గ్రంథమువారు గుర్తించిరి. 1966లో సినిమాకు వచ్చిన బాలసుబ్రహ్మణ్యముగారు శాస్త్రీయ సంగీతమును క్రమముగా అభ్యసింపనివారు. అయినను కర్ణాటక సంగీతమే ప్రాణముగా గల ‘శంకరాభరణము’నకు పాడి జాతీయ బహుమానము పొందిరి. మైక్రోఫోనును వాద్యమువలె వాయించిన వారాయన. నవ్వు, నిట్టూర్పు, వెక్కిలి, నటుని మాటతీరు, అన్నియు పాటలో నిమిడ్చిరి. ఇవి పందిరిలో పది బారల దూరము కూడ పోవు. ఆయన ప్రసిద్ధి పెరుగుచున్న దినములలోనే చౌకయైన కాసెట్లు వచ్చి, గ్రామఫోను కొనలేని యిండ్లకును, లారీలకును, టీ దుకాణములకును ఆ పాటలను చేర్చినవి. ఆయన 2020 సెప్టెంబరు 25న గతించిరి.

ఇక నేటి మార్గము మన చేతిలోని ఫోను. ఇందు కాలపరిమితి లేదు, దూరము లేదు, ధరయు స్వల్పము. కాని దీనికి నొక స్వభావమున్నది. మనము వినిన పాటను గుర్తుంచుకొని దానివంటిదే మరల తెచ్చును. ఘంటసాలను వినినవానికి ఘంటసాలనే వడ్డించును. దానిపై కనబడు లక్షలు, కోట్ల సంఖ్యలు పాట యెన్నిమార్లు పలికినదో చెప్పును గాని, ఎవరైన వినిరో, గదిలో దానిపాటికది మ్రోగుచుండెనో చెప్పజాలదు. కావున అందున్న పాతవారిని వినగోరువారు పేరు తామే వ్రాసి వెదకవలయును. గౌహర్ జాన్ దొరకును. నాటక పద్యములు కొన్ని దొరకును. మూడు నిమిషములలో రాగమును ఎట్లు చూపవచ్చునో తెలియగోరువారికి ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు దొరకును. మొదట సూది గీచు చప్పుడు వేపుడు చప్పుడువలె అడ్డు తగులును; ఒక నిమిషము ఓర్చుకొన్నచో చెవి దానిని విడిచిపెట్టును.