నీళ్లు తిప్పని ఇసుర్రాయి

వాగు ఒడ్డున చిన్న ఇల్లు, గలగలా తిరిగే చక్రం, పిండి పట్టించుకోవడానికొచ్చిన పడుచు... నీటి మర అనగానే క్యాలెండరు బొమ్మ కళ్లముందు మెదులుతుంది కదూ! ఒకప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్‌) 18వ శతాబ్దం నాటి పన్‌చక్కీని మీలో కొందరు చూసే ఉంటారు. కొండల్లోని ఊటనీరు మట్టి గొట్టాల గుండా వచ్చి ఆ మరను తిప్పేది.

మరి మన నల్లగొండ, పాలమూరుల సంగతి? ఇక్కడ చాలా వాగుల్లో వానాకాలం దాటితే ఇసుకే. చెరువు నీళ్లు వరిమళ్లకే చాలవు, ఇక మర తిప్పడానికెక్కడివి? నీళ్లు చేయాల్సిన ఆ పని ఇంటింటా ఆడవాళ్ల చేతులే చేశాయి.

తొలికోడి కూయకముందే లేచి జొన్నలు ముందేసుకుని కూర్చోవాలి. కుడిచేత్తో కొయ్యపిడి తిప్పుతూ, ఎడమచేత్తో పై రాయి నడుమ గుంతలో గుప్పెడు గుప్పెడు పోయాలి. గింజ ఎక్కువైతే పిండి బరక! రాయి అరిగితే గంట్లు కొట్టించాలి. వదినా మరదళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుంటే బరువు సగమయ్యేది. పాట పుట్టింది అక్కడే. పుట్టింటి బెంగ, సీతమ్మ కష్టాలు, అత్త ఆరళ్లు... పగలు నోరెత్తలేని మాటలన్నీ రాయి చప్పుడు చాటున చెప్పుకోవచ్చు మరి! జానపద గేయాల మీద పరిశోధించిన బిరుదురాజు రామరాజు గారి గ్రంథం 1958లో అచ్చయ్యాక, ఇలాంటి పాటలకు చదువుకున్నవాళ్లలోనూ గౌరవం పెరిగింది.

పాట బాగుంది కాబట్టి పనీ బాగుండేదంటే మాత్రం నేనొప్పుకోను. ఇంటిల్లిపాదికీ రొట్టెల పిండి విసరడమంటే ఏమిటో ఆ భుజాలకే తెలుసు. వెట్టి రోజుల్లో దొరల గడీల్లో పిండి విసరడం, వడ్లు దంచడం కూలి లేని చాకిరీ. అక్కడ ఎంత విసిరినా ఇంటికొచ్చేది నొప్పులే. 1946–51 సాయుధ పోరాటం నల్లగొండలో అంతగా రగలడానికి ఆ వెట్టి కూడా ఒక కారణం. ఆ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన సంగతులు ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో ఉన్నాయి, దొరికితే తప్పక చదవండి.

ఊళ్లోకి గిర్నీ వచ్చాక, పిండి వేడెక్కి రుచి పోతోందని ముసలమ్మలు వంక పెట్టినా, కోడళ్లు గంప నెత్తికెత్తుకుని సంతోషంగానే వెళ్లారు.

మీ పెరట్లో ఇంకా ఇసుర్రాయి ఉంటే గట్కకు వాడి చూడండి. మిక్సీ కంటే అదే నయం, రవ్వ ఒక్క తీరుగా పడుతుంది. ముందు గుప్పెడు నూకలు విసిరి పారేస్తే దుమ్ము పోతుంది. ఎదుటి పక్క పిడి పట్టడానికి మీ వారిని పిలవండి. పాట రాకపోయినా ఫరవాలేదు!