పులికాటు సరస్సు

యాత్ర యనగానే మనకు గుడియో, గోపురమో, పుణ్యనదీస్నానమో స్మరణకు వచ్చును. నీటిని, పక్షులను, చేపలు పట్టి జీవించు పల్లెలను చూచుటకై బయలుదేరుటయు యాత్రయే యని నా మనవి. అట్టి యాత్రకు తగిన స్థలము మన తెలుగుదేశపు దక్షిణపు కొసను ఒకటి కలదు. అది పులికాటు సరస్సు. దానిని మనవారు ప్రళయకావేరి యనియు పిలుతురు. అచ్చట చూడదగిన వస్తువుల పట్టికను చదువుటకంటె, చూచినదానిని ఎట్లు తెలిసికొనవలెనో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఈ సరస్సు ఉత్తరదక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. దీనిలో పెద్దభాగము తిరుపతి జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజించువరకు ఈ ప్రాంతము నెల్లూరు జిల్లాలో నుండెను. దక్షిణపు కొస తమిళనాటి తిరువళ్ళూరు జిల్లాకు చెందినది. తూర్పున శ్రీహరికోట యను పొడవైన ఇసుకదీవి సముద్రమునకును సరస్సునకును నడుమ గోడవలె నిలిచియున్నది. మన దేశమున సముద్రతీరమునందలి ఇట్టి ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలుక సరస్సు మొదటిది, ఇది రెండవది. ఇంత విశాలమైనదయ్యు లోతు మిక్కిలి తక్కువ. సగటున ఒక మీటరు మాత్రమే యుండును.

గ్రామపెద్దలైన మీకు చెరువు సంగతి నేను చెప్పనక్కరలేదు. చెరువునకు కట్ట యుండును, తూము లుండును, వరద పోవుటకు కలుజు ఉండును. పులికాటునకును ఇవి యన్నియు గలవు గాని వానిని మనుష్యుడు కట్టలేదు. శ్రీహరికోట ఇసుకదిబ్బయే దాని కట్ట. ఆ దిబ్బను చీల్చుకొని సముద్రములో కలియు మొగలే దాని కలుజులు. దక్షిణమున పులికాటు పట్టణముకడ నొకటి, ఉత్తరమున రాయదొరువుకడను, కొండూరుపాలెముకడను మొగలు గలవు. అయితే మన చెరువు కలుజు గుండ నీరు వెలుపలికి మాత్రమే పోవును. ఈ మొగల గుండ నీరు రెండువైపులకును నడచును. పోటువేళ సముద్రము లోనికి వచ్చును. పాటువేళ సరస్సు వెలుపలికి పోవును. ఈ రాకపోకలే సరస్సునకు ఊపిరి.

దక్షిణమున ఆరణి, పడమట కాళంగి, ఉత్తరమున స్వర్ణముఖి ఈ సరస్సునకు తీపినీటిని తెచ్చును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలివానలు కురిసి ఏరులు పొంగినప్పుడు సరస్సులోని నీరు పలుచబడి ఉప్పు తగ్గును. వానలు వెనుకబట్టిన పిదప సముద్రజలము మెల్లగా ప్రవేశించును. వేసవిలో ఎండకు నీరు ఆవిరియై, ఉత్తరభాగమున పెక్కుచోట్ల నేల బయటపడి ఉప్పుపొర తెల్లగా మెరయును. మిగిలిన నీరు ఒక్కొక్కచోట సముద్రముకంటెను ఎక్కువ ఉప్పన యగును. ఒకే యేటిలో ఒకే నీరు ఇన్ని రుచులు మార్చుకొనుటచేతనే ఇచ్చట ఇన్ని విధములైన జీవులు బ్రతుకుచున్నవి.

రొయ్యను ఉదాహరణముగా తీసికొందము. పెద్దరొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. వాని పిల్లలు కంటికానని పరిమాణమున పోటునీటితో మొగలో ప్రవేశించి సరస్సు చేరును. అచ్చటి వెచ్చని, లోతులేని, మేత సమృద్ధిగా గల నీటిలో పెరిగి, మరల సంతానము కొరకు సముద్రమునకు పోవును. సముద్రము దానికి పుట్టినిల్లు; సరస్సు పెంపుడుతల్లి ఇల్లు. ఆ రెండిళ్ళకును నడుమ గల వాకిలి మొగ. పెక్కుజాతుల చేపల జీవనమును ఇట్లే యున్నది.

ఆ వాకిలి మూతపడిన నేమగును? సముద్రపు అలలు తీరము వెంబడి ఇసుకను ఎడతెగక నడిపించుచుండును. వానకాలమున ఏటివరద బలముగా వెలుపలికి తన్ని ఆ ఇసుకను నెట్టివేయును. ఏరులు ఎండిన దినములలో నెట్టువారు లేక ఇసుక మేటవేసి మొగను పూడ్చును. అంతట రొయ్యపిల్ల లోనికి రాజాలదు. ఎదిగిన రొయ్య బయటికి పోజాలదు. వేసవిలో నీరు మరుగుచున్న కుండవలె తరిగిపోవును. వలకు పని లేకుండును. మొగ పూడిక తీయవలెనని బెస్తపల్లెలవారు ఎందులకు మొరపెట్టుకొందురో మనకు అప్పుడు బోధపడును. కలుజును పూడ్చిన చెరువు ఎట్టిదో, మొగ పూడిన సరస్సు అట్టిది.

ఇక పక్షుల సంగతి. సూళ్ళూరుపేట రైలుస్టేషను చెన్నపట్టణమునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటినుండి శ్రీహరికోటకు పోవు బాట సరస్సు నడుమగా సాగును. హేమంత శిశిరములలో ఆ బాటకు ఇరుప్రక్కల ఫ్లెమింగో పక్షులు వేలకొలది నిలిచియుండును. పత్రికలవారు వీనిని రాజహంసలని వ్రాయుచున్నారు గాని, కావ్యములలోని హంస బాతుజాతిది, ఇది వేరు. పొడవైన ఎఱ్ఱని కాళ్ళు, వంపుదిరిగిన ముక్కు, గులాబివన్నె రెక్కలు దీని గుఱుతులు. ఇది తలను క్రిందుమీదుగా నీట ముంచి, ముక్కులోని జల్లెడవంటి యమరికతో నీటిని వడపోసి, సన్నని పురుగులను, నాచును తినును. ఆ మేతలోని రంగుద్రవ్యమే దాని రెక్కలకు ఆ వన్నె తెచ్చును. మన దేశమున ఇవి గూళ్ళు కట్టు ప్రసిద్ధస్థలము కచ్ఛదేశపు రణ్. నీరు మితిమీరిన వీనికి నిలువ తావుండదు. ఎండిన మేత యుండదు. కావున ఈ పక్షుల రాకయు మొగమీదనే ఆధారపడియున్నది.

సూళ్ళూరుపేటకు ఉత్తరముగా దొరవారిసత్రము చేరువను నేలపట్టు అను గ్రామము కలదు. అచ్చటి చెరువులో నీట మునిగి నిలువగల చెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు, నీటికాకులు గూళ్ళు కట్టుకొని పిల్లలను పెంచును. 1976వ సంవత్సరమున ప్రభుత్వమువారు దానిని పక్షిరక్షణకేంద్రముగా ప్రకటించిరి. గూడబాతు గూడు కట్టునది తీపినీటి చెరువులో. చేపలకొరకు పోవునది పులికాటునకు. ఒకచోట ఊయల, వేరొకచోట వంటయిల్లు. వంటయిల్లు పాడైన ఊయలలోని బిడ్డ ఆకలిగొనును. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు ఎరువని గ్రామస్థులు వానిని ఆదరింతురు. ఇట్టి ఇచ్చిపుచ్చుకొనుట ఉన్నచోట పక్షికి గ్రామమే కాపు.

సరస్సు నడుమ దీవులు గలవు. వానిలో ఇరకము, వేనాడు చెప్పదగినవి. తడ సమీపమునందలి భీములవారిపాలెము రేవునుండి పడవలో ఇరకము చేరవచ్చును. తెలుగును తమిళమును కలిసిన మాటలు ఈ తీరమున వినవచ్చును. చుట్టును ఉప్పునీరుండగా ఈ దీవులవారు ఏమి త్రాగుదురని మీరడుగవచ్చును. ఈ తీరమున ఇసుకనేలలో లోతులేని గుంటలు త్రవ్వుదురు. వానిని దొరువు లందురు. వాననీరు ఇసుకలో నింకి, తేలికయైనది గావున అడుగునున్న ఉప్పునీటిపై తేలియుండును. దొరువును లోతుగా త్రవ్వినను, ఒక్కమారుగా ఎక్కువ తోడినను క్రింది యుప్పు పైకి వచ్చును. అందుచేత కొలది లోతున త్రవ్వి, మెల్లగా తోడుకొందురు. మితము తెలిసినవానికే ఆ నీరు దక్కును.

శ్రీహరికోట పూర్వము యానాదుల నివాసము. అడవినీ నీటినీ ఎరిగి, చేపలు పట్టుటయందును మూలికల గుఱుతించుటయందును నేర్పుగల జనులు వారు. అంతరిక్షకేంద్రమునకై ఆ దీవిని తీసికొన్నప్పుడు అచ్చటి పల్లెలవారు పెక్కుమంది గట్టునేలకు తరలిపోవలసివచ్చెను. 1971వ సంవత్సరమున అచ్చటినుండి మొదటి రాకెట్టు ఎగసినది. ఆకసమున కెగయు యంత్రమును చూచి గర్వించువారు, దానికొరకు ఇల్లు విడిచినవారిని మరువరాదు.

దక్షిణపు కొసనున్న పులికాటు పట్టణమునందు డచ్చివారు చంద్రగిరి రాజగు వేంకటపతిరాయల కాలమున వర్తకమునకై దిగి, 1613లో గెల్డ్రియా యను కోటను కట్టిరి. కోట శిథిలమైపోయినది, వారి సమాధులు నిలిచియున్నవి. సరస్సు తూర్పు అంచు వెంబడి పోవు బకింగుహాము కాలువలో కొంతభాగమును 1876–78 నాటి ధాత కరవులో కూలిజనులచే త్రవ్వించిరి. ఒకప్పుడు ధాన్యమును, ఉప్పును, వంటచెఱకును మోసిన పడవలకు అదియే రాచబాట.

ఆ పట్టణపు చుట్టుపట్ల బెస్తపల్లెలలో నొక కట్టుబాటు తరతరములుగా వచ్చుచున్నది. దానిని ‘పాడు’ అందురు. పాడైపోవుట యని భ్రమపడకుడు. వల వేయు తావు అని ఇచ్చట అర్థము. మొగకు చేరువనున్న తావున రొయ్య మెండు. దూరపు తావున కొంచెము. బలవంతుడే మంచితావును పట్టుకొనినచో దినమునకొక కలహము తప్పదు. కావున పల్లెలు వంతులు పెట్టుకొని, పల్లెలోని హక్కుదారులకు చీట్లు వేసి తావులు పంచుకొందురు. నేడు మంచితావు దొరికినవాడు రేపు మరియొకనికి వదలవలెను. చెరువునీటికి వంతులు వేయు మీకు ఇది క్రొత్తగాదు. అయితే ఇందు ఒక లోపమును కలదు. పాడు హక్కు పూర్వపు పల్లెలవారికే గాని తరువాత వలపట్టినవారికిని, యానాదులవంటి బీదలకును లేదు. కట్టుబాటు లోపలివారికి న్యాయము, వెలుపలివారికి గోడ. చేప తగ్గినకొలది ఆ గోడకడ వివాదము పెరుగుచున్నది. న్యాయము కలకాలము నిలువవలెనన్న, పంచుకొనువారి లెక్కను అప్పుడప్పుడు మరల చూచుకొనవలెను.

పోదలచినవారు కార్తికము మొదలు మాఘము వరకు పోవుట మేలు. ఉదయమున పోయి, దూరమునుండి నిశ్శబ్దముగ చూడవలెను. గుంపులోనికి పడవ నడిపించుటయు, రాళ్ళు విసరుటయు పాపమే. ఎగిరిన ప్రతిసారియు పక్షి తిన్న తిండి వ్యర్థమగును. పల్లెలోనికి పోయిన, వల ఆరవేసిన చోట త్రొక్కక, అడిగి ఫొటో తీసికొని, వారు పట్టిన చేపను వారడిగిన ధరకు కొనుడు. అతిథి మర్యాద అతిథికిని వర్తించును.

కడపటి మాట యొకటి. ఈ సరస్సు సముద్రతీరమున నున్నను దాని క్షేమము తీరవాసుల చేతిలోనే లేదు. కాళంగి, స్వర్ణముఖి, ఆరణి ఒడ్డులనున్న గ్రామములవారు ఏటిలో వేయు చెత్తయు, వదలు మురుగును తుదకు చేరునది అచ్చటికే. ఏటి ఇసుకను తరలించినను, వాగులను ఆక్రమించినను వరద బలము మారును. వరద బలము తగ్గిన మొగ పూడును. మొగ పూడిన ఒక బెస్తవాని ఇంట పొయ్యి వెలుగదు. ఆ బెస్తవానిని మీరు చూచియుండకపోవచ్చును. అయినను మీ ఊరి ఏటిగట్టున మీరు చేయు తీర్మానము అతని వలలో పడును. గ్రామసభలో ఏటి ప్రస్తావన వచ్చినప్పుడు ఈ సంగతి ఒక్కమారు తలచుకొనవలెనని పెద్దలకు నా విన్నపము.