ఒక మీటరు, మూడు పోర్షన్లు

హైదరాబాద్ కాలనీల్లో మూడు పోర్షన్ల ఇంటికి ఒకే కరెంటు మీటరు ఉండడం ఇంకా కనిపిస్తూనే ఉంది. బిల్లు రాగానే కొందరు ఓనర్లు మూడు భాగాలు చేస్తారు. కొందరు సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని ఒకే రేటు కడతారు. రెండో పద్ధతి కొంత నయమే. కానీ అందులోనూ తక్కువ వాడేవాళ్లకే దెబ్బ. కారణం శ్లాబులు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్లు చూడండి. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, మిగతావి రూ.3.10 చొప్పున పడతాయి. 200 లోపు వాడితే మొదటి వంద రూ.3.40, రెండో వంద రూ.4.80. అదే 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రూ.5.10 అవుతుంది. 200 పైన మొదటి వంద రూ.7.70, రెండో వంద రూ.9, ఆ తర్వాత 800 దాకా రూ.9.50 చొప్పున.

ఒక ఇంట్లో సబ్ మీటర్లు 80, 110, 220 యూనిట్లు చూపించాయనుకుందాం. మోటారుకు, మెట్ల లైట్లకు మరో 40. మొత్తం 450 యూనిట్లకు రూ.3,165. సగటున యూనిట్‌కు రూ.7.03. ఉమ్మడి 40 యూనిట్ల ఖర్చు రూ.281. ఇందులో ఎక్కువ భాగం నీళ్లదే కాబట్టి మనుషుల లెక్కన పంచాలి. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం పోర్షన్ల లెక్కన సమానంగా పంచితే సరిపోతుంది.

మిగిలింది రూ.2,884. సగటు రేటు కడితే 80 యూనిట్ల వాళ్లకు రూ.563 పడుతుంది. సొంత మీటరుంటే వాళ్లు కట్టేది సుమారు రూ.190! పైపోర్షన్‌లో ఏసీ నడిచినందుకు కింద ఫ్యాను వేసుకున్నవాళ్లు మూడింతలు కట్టడం అన్యాయం.

అందుకే నేను మరో లెక్క చెబుతాను. ఎవరి యూనిట్లకు వాళ్ల శ్లాబు రేటు విడిగా కట్టండి: సుమారు రూ.190, రూ.388, రూ.1,174. ఈ నిష్పత్తిలోనే రూ.2,884ను పంచండి. అప్పుడు దాదాపు రూ.313, రూ.639, రూ.1,932 వస్తాయి. ఒకే మీటరు వల్ల పడిన అదనపు భారాన్ని ముగ్గురూ ఒకే నిష్పత్తిలో మోస్తారు.

అయినా భారం భారమే. విడి మీటర్లుంటే మూడు పోర్షన్లకూ కలిపి సుమారు రూ.1,752 అయ్యేది. పైగా 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద, అర్హులైన రేషన్ కార్డు కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు. ఉమ్మడి మీటరు 200 దాటితే 80 యూనిట్లే వాడినవాళ్లకూ ఆ మేలు దక్కదు. కాబట్టి విడి మీటర్లకు దరఖాస్తు పెట్టించడం ఓనర్ల బాధ్యత.

అంతవరకు బిల్లు కొట్టే రోజే సబ్ మీటర్లన్నీ ఫొటో తీసి అందరికీ పంపండి. నెల మధ్యలో ఎవరైనా ఖాళీ చేస్తే తాళం ఇచ్చేముందు ఓనరు, అద్దెదారు ఇద్దరూ కలిసి రీడింగ్ రాసుకోండి.