కండల కోసం సూది.. కొలువుకే గండి!

పోలీసు నోటిఫికేషన్ రాబోతోందన్న మాట వినపడితే చాలు, గ్రౌండ్ల కన్నా ముందు జిమ్‌లు నిండిపోతాయి. మీరూ చేరే ఉంటారు. నెల తిరిగేసరికి ట్రైనర్ భుజం తట్టి, ‘తమ్ముడూ, ఇట్లా చేస్తే ఏడాది పడుతుంది. ఒక్క సైకిల్ కొట్టు, రెండు నెలల్లో బాడీ వచ్చేస్తది’ అంటాడు. ఆ సైకిల్ తొక్కేది కాదని మీకు తెలుసు. కొన్ని వారాలపాటు వరసగా తీసుకునే స్టెరాయిడ్ ఇంజక్షన్లు, మాత్రలు. ఎదురుగా ఉన్నది డిగ్రీ అయిపోయిన మీరైనా, ఇంటర్ చదివే మీ తమ్ముడైనా ఆయన చెప్పేది అదే.

సరే అనేముందు ఓసారి నోటిఫికేషన్ తీసి చూడండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఏపీలో 8 నిమిషాలు. జనరల్ అభ్యర్థికి ఎత్తు రెండుచోట్లా 167.6 సెంటీమీటర్లు. ఏపీలో ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్. బైసెప్స్ ఎంతున్నాయని టేపు పెట్టి కొలిచే బోర్డు ఎక్కడా లేదు! పైగా రెండు నెలల్లో తెచ్చిపెట్టుకున్న ఆ బరువంతా మోసుకుంటూ 1600 మీటర్లు పరుగెత్తాల్సింది మీ కాళ్లే.

లోపల ఏం జరుగుతుందంటే..

ఈ మందుల్లో ఉండేది టెస్టోస్టెరాన్, లేదా దాన్ని పోలిన నాండ్రోలోన్, స్టానోజోలాల్ లాంటి కృత్రిమ హార్మోన్లు. హార్మోన్ లోపం ఉన్నవాళ్లకు, మరికొన్ని జబ్బులకు డాక్టర్లు లెక్క చూసి ఇస్తారు. జిమ్‌లో నడిచే మోతాదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది.

మగపిల్లల్లో టెస్టోస్టెరాన్ వృషణాల్లో తయారవుతుంది. ఎంత కావాలో చెప్పేది మెదడులోని పిట్యూటరీ గ్రంథి. బయటి నుంచి సరుకు దిగుతుంటే మెదడు లోపలి ఫ్యాక్టరీకి తాళం వేసేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. సూది ఆపేశాక ఆ తాళం వెంటనే తెరుచుకోదు. నెలలు పట్టొచ్చు, కొందరికి ఏడాది దాటొచ్చు. ఈలోగా పెరిగిన కండ జారిపోతుంది, ఒంట్లో ఓపిక ఉండదు, మనసు దిగులుగా ఉంటుంది. అది భరించలేక ఇంకో సైకిల్ మొదలుపెడతారు. ‘ఒక్కసారే కదా’ అనుకున్నవాళ్లు చిక్కుకునేది ఇక్కడే.

ఒంట్లో ఎక్కువైన టెస్టోస్టెరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. దాంతో అబ్బాయిలకు రొమ్ములు పెరుగుతాయి. గైనకోమాస్టియా అంటారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల వైద్య పరీక్షలో అన్‌ఫిట్ చేసే కారణాల్లో ఇదొకటి. అంటే ఛాతీ కోసం వేసుకున్న సూది ఛాతీ దగ్గరే ఉద్యోగం పోగొడుతుందన్నమాట.

అదే ఈస్ట్రోజెన్ ఎముకల చివర్లలో ఉండే ఎదుగుదల భాగాలను ముందే మూసేస్తుంది. ఇంకా పొడుగు పెరిగే వయసులో ఉన్న పిల్లాడి ఎత్తు అక్కడితో ఆగిపోతుంది. పదహారేళ్లప్పుడు 166 దగ్గర ఆగినవాడికి ఆ 167.6 ఏ జిమ్ తెచ్చిస్తుంది? మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం, గుండె కండరం మందం కావడం, మాత్రలతో కాలేయం దెబ్బతినడం వీటికి అదనం. అమ్మాయిలు వాడితే గొంతు బొంగురుపోతుంది. ఆ మార్పు చాలావరకు మళ్లీ వెనక్కి రాదు.

హార్మోన్ కాకపోయినా ఇదే తోవలో వస్తున్న ఇంకో మందు మెఫెంటెర్మిన్. ఆపరేషన్ సమయంలో మత్తు ఇచ్చినప్పుడు రక్తపోటు పడిపోకుండా వాడే ఇంజక్షన్ ఇది. దీన్ని జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్‌లో పోలీసులు, ఔషధ నియంత్రణ అధికారులు ఈ మధ్య పలుసార్లు పట్టుకున్నారు.

తప్పెవరిది?

ట్రైనర్‌ను అడిగితే ‘వాడే కావాలన్నాడు’ అంటాడు. మెడికల్ షాపాయన ‘జిమ్ వాళ్లు పంపారు’ అంటాడు. తల్లిదండ్రులకు అది ప్రొటీన్ పౌడర్ డబ్బా అనే తెలుసు. అందరూ చేతులు దులుపుకున్నాక మిగిలేది సూది గుచ్చుకున్న ఒళ్లొక్కటే.

చట్టం మాత్రం ఇంత గందరగోళంగా లేదు. అనబాలిక్ స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం నేరం. హెల్త్ సప్లిమెంట్లలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదని ఆహార భద్రతా సంస్థ 2016 నిబంధనల్లోనే రాసిపెట్టింది. మందు రాసే అర్హత ట్రైనర్‌కు లేనే లేదు.

క్రీడల్లో అయితే లెక్క ఇంకా కచ్చితం. ఒంట్లో దొరికిన మందుకు ముందుగా జవాబు చెప్పాల్సింది క్రీడాకారుడే. తెలిసి స్టెరాయిడ్ వాడితే మొదటిసారికే సాధారణంగా నాలుగేళ్ల నిషేధం. పంతొమ్మిదేళ్లకు దొరికితే స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్న ఏళ్లన్నీ అందులోనే పోతాయి. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలిసి, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. మిగతావాళ్లు ట్రాక్ మీదకే రాలేదు.

అయితే అదే నిబంధనల్లో ఇంకో మాట కూడా ఉంది. మైనర్‌కు స్టెరాయిడ్ ఇచ్చిన కోచ్‌కు జీవితకాల నిషేధం. పెద్దవాడి తప్పు పెద్దదని క్రీడాలోకం ఒప్పుకోవడానికి ఓ చరిత్ర ఉంది. ఒకప్పటి తూర్పు జర్మనీలో టీనేజీ అమ్మాయిలకు విటమిన్లని చెప్పి హార్మోన్ మాత్రలు మింగించారు. 2000లో బెర్లిన్ కోర్టు శిక్ష వేసింది ఆ పథకాన్ని నడిపిన క్రీడల పెద్దకూ, వైద్యాధికారికీ. మింగిన పిల్లలను బాధితులుగానే చూసింది.

మన వీధి చివరి జిమ్‌కు ఆ నిబంధనలు వర్తించవు. స్టేడియంలో జీవితకాల నిషేధం పడే పనిని ఇక్కడ ‘ప్యాకేజీ’ అని అమ్ముతున్నారు. పద్దెనిమిది నిండనివాడికి గేరు బండి లైసెన్సే ఇవ్వని దేశంలో, సూది గుచ్చి ‘వాడే అడిగాడు’ అనడం ఏం న్యాయం? కోరుకోవడం పిల్లాడి పని కావచ్చు. కాదనడం పెద్దవాడి పని. జిమ్‌లకు అనుమతులిచ్చేవాళ్లు ట్రైనర్ల అర్హతతో పాటు ఈ ఒక్క సంగతి తనిఖీ చేసినా సగం వ్యాపారం ఆగుతుంది. మీలో ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు చేద్దామనుకునేవాళ్లు ఉంటే, ఈ ప్రశ్న రేపు మీ ముందుకూ వస్తుంది.

ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే..

ట్రైనర్‌ను కాదు, ఎండోక్రైనాలజిస్టును కలవండి. ఏం వేసుకున్నారో, ఎంత మోతాదులో, ఎన్ని వారాలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. ఖాళీ సీసాలుంటే తీసుకెళ్లండి. టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలతో చాలావరకు సంగతి తెలుస్తుంది. ఆపాక దిగులు కమ్ముకుంటే అదీ చెప్పాల్సిన లక్షణమే, దానికీ వైద్యం ఉంది. చీటీ లేకుండా అమ్మిన షాపు బిల్లు ఉంటే పారేయకండి. జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదే.