పైకప్పు అద్దం పగిలితే.. బిగింపే ప్రాణం

* అరుదైన విలాస కార్లకు విడిభాగమే కాదు, పనితనమూ అరుదే
* తొందరపడితే అద్దంతో పాటు కారూ పాడు

ఒంగోలు: చీమకుర్తి నుంచి ఒంగోలు వైపు సాగే కర్నూలు రోడ్డుపై గ్రానైట్ లారీలు, కంకర టిప్పర్ల రాకపోకలు నిత్యకృత్యం. టిప్పరు నుంచి జారిన రాయి వెనుక వచ్చే మామూలు కారు ముందు అద్దానికి తగిలితే యజమాని ఆ పూటకు చింతిస్తారు. మర్నాటికి కొత్త అద్దం వస్తుంది. అదే రాయి కోట్ల రూపాయల విలువ చేసే విదేశీ కారు పైకప్పు అద్దంపై పడితే పరిస్థితి వేరు. అద్దం ఊళ్లో దొరకదు, రాష్ట్రంలో దొరకదు, ఒక్కోసారి దేశంలోనే దొరకదు. తెప్పించిన తరువాత దానిని సక్రమంగా బిగించే చేయి దొరకడం మరో ప్రయాస. ఖరీదైన కార్లున్న వారిలో సైతం అధికులకు ఈ పని వెనుక ఉన్న సంగతులు తెలియవు. ముందుగా తెలుసుకుంటే డబ్బూ దక్కుతుంది, ప్రాణాలకూ రక్షణ ఉంటుంది.

ఏమిటీ అద్దపు పైకప్పు?

పూర్వం కార్ల పైకప్పులో చిన్న కిటికీ వంటి సన్‌రూఫ్ ఉండేది. ముందు సీట్ల నుంచి వెనుక సీట్ల వరకు పరచుకున్న పెద్ద అద్దాన్ని పనోరమిక్ సన్‌రూఫ్ అంటున్నారు. ఇందులో సాధారణంగా 2 పలకలుంటాయి. ముందు పలక పట్టాలపై జరుగుతుంది. వెనుక పలకను చాలా కార్లలో కదలకుండా జిగురుతో అతికిస్తారు. పట్టాలు, మోటారు, తెర, నీరు పోయే గొట్టాలు అన్నీ ఒక చట్రంలో ఇమిడి ఉంటాయి.

అరుదైన కార్లలో ఈ అద్దం మరింత సంక్లిష్టం. ఇందుకు మేబాక్ 62 చక్కని ఉదాహరణ. జర్మనీకి చెందిన ఈ కారు 2002లో మార్కెట్లోకి వచ్చింది. పొడవు 6 మీటర్లకు పైమాటే. 2012లో తయారీ నిలిచిపోయే నాటికి 57, 62 మోడళ్లు కలిపి సుమారు 3 వేల కార్లే రోడ్డెక్కాయి. వెనుక కూర్చునే వారి కోసం 62 మోడల్‌లో అద్దపు పైకప్పును అదనపు సదుపాయంగా ఇచ్చేవారు. ఆ గాజు పొరల నడుమ ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది. మీట నొక్కగానే విద్యుత్తు అంది ఆకాశం కనిపిస్తుంది. విద్యుత్తు ఆగితే అద్దం పాలలా తెల్లబడి మరుగునిస్తుంది. ఇటువంటి అద్దం పగిలితే మార్చవలసింది గాజును మాత్రమే కాదు, దానిలోని విద్యుత్ పరికరాన్ని కూడా.

రెండు రకాల గాజు

వాహనాలలో వాడే భద్రతా గాజు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది టఫెన్డ్ గాజు. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడి చేసి, ఒక్కసారిగా చల్లని గాలి ఊది గట్టిపరుస్తారు. పైపొర బిగుసుకుపోయి, లోపలి పొర సాగదీసినట్లు ఉంటుంది. అందుకే దీనికి బలం ఎక్కువ. అయితే ఆ బిగువు ఒక్కచోట తెగినా పలక అంతా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. అంచున పడిన చిన్న గంటు కూడా కొన్నాళ్ల తరువాత పగులుకు కారణం కావచ్చు. తయారీలో గాజులో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువుల వల్ల రాయి తగలకుండానే పగిలే సందర్భాలూ ఉన్నాయి.

రెండోది లామినేటెడ్ గాజు. రెండు పలకల మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఉంచి అతికిస్తారు. ఇది బీటలు వారినా ముక్కలు పొరను పట్టుకునే ఉంటాయి, తలపై రాలవు. కార్ల ముందు అద్దాలన్నీ ఈ కోవకు చెందినవే. ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1909లో దీనికి పేటెంటు పొందారు.

టఫెన్డ్ గాజును గట్టిపరిచిన తరువాత కోయడం, రంధ్రం వేయడం సాధ్యం కాదు. ప్రయత్నిస్తే పలక పొడి అవుతుంది. అందువల్ల స్థానిక గాజు దుకాణంలో కొలత ఇచ్చి కోయించి బిగించడం కుదరని పని. పైగా పైకప్పు అద్దానికి ప్రత్యేకమైన వంపు ఉంటుంది. ఆ మోడల్ కోసం తయారైన అద్దమే కావాలి.

పగిలిన వెంటనే..

వాహనం నడుస్తుండగా పైన పెద్ద శబ్దం వినిపిస్తే గాభరాపడి హఠాత్తుగా బ్రేకు వేయరాదు. వేగం తగ్గించుకుంటూ రోడ్డు పక్కకు చేర్చాలి. లోపలి తెర మూసి ఉంటే దానిని తెరవరాదు. ముక్కలన్నీ దానిపైనే ఉంటాయి. పరిశీలన కోసం సన్‌రూఫ్ మీట నొక్కడం పలువురు చేసే పొరపాటు. పలక కదిలితే ముక్కలు పట్టాల్లో పడి, మోటారు, తీగలు కూడా దెబ్బతింటాయి. మేబాక్ వంటి కార్లలో అద్దానికి విద్యుత్తు అందించే మీటను సైతం తాకకపోవడం మేలు.

తరువాత అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయాలి. బీమా సంస్థకు అవే ఆధారం. పైకప్పును మందపాటి ప్లాస్టిక్ పట్టాతో కప్పి, రంగును పీకని పెయింటర్ల టేపుతో అంచులు మూయాలి. ఆ పట్టా నిలిచి ఉన్న కారుకే రక్షణ. జాతీయ రహదారిపై వేగంగా వెళితే గాలికి లేచిపోతుంది. కనుక కారును నడపకుండా చదునైన వేదిక గల లారీపై తరలించడం శ్రేయస్కరం.

అద్దం దొరికేదెలా?

అరుదైన కార్ల విషయంలో పేరు, మోడల్ చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి, కొనుగోలుదారు కోరిన సదుపాయాలను బట్టి అద్దం మారుతుంది. ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెలతో కూడిన ఛాసిస్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఆధారంగానే అధీకృత డీలరు సరైన విడిభాగం సంఖ్యను గుర్తిస్తారు. కొన్ని కార్లకు అద్దం మాత్రమే విడిగా లభిస్తుంది. మరికొన్నింటికి చట్రంతో సహా కొనవలసి వస్తుంది. ఆర్డరు ఇచ్చే ముందే ఈ తేడాను రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఖర్చులో అంతరం అక్కడే వస్తుంది.

కొత్తది దొరకనప్పుడు తుక్కుగా మారిన కారు నుంచి తీసిన పాత అద్దం వైపు మొగ్గు చూపడం సహజం. ఇక్కడే జాగ్రత్త అవసరం. అతికించిన అద్దాన్ని తీగతోనో, కత్తితోనో కోసి తీస్తారు. ఆ క్రమంలో అంచులకు కంటికి కనిపించని గంట్లు పడే ప్రమాదం ఉంది. పాత అద్దం కొనక తప్పకపోతే అంచు మొత్తం వెలుతురులో పరీక్షించాలి.

అద్దం మూలన ఉండే ముద్ర కూడా ముఖ్యమే. భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 సూచించే ఐఎస్ఐ గుర్తు, లేదా వృత్తంలో ‘ఇ’ అక్షరం, దాని పక్కన దేశాన్ని తెలిపే అంకె ఉంటాయి. 1 అంటే జర్మనీ ఆమోదం. ‘43ఆర్’ అనేది వాహన గాజుకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి నిబంధన సంఖ్య. ఏ ముద్రా లేని అద్దాన్ని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు.

అసలు పని ఇదీ

అద్దం చేతికి వచ్చాక మొదలయ్యేదే కీలక ఘట్టం. తొలుత సీట్లు కప్పి, ముక్కలను వాక్యూమ్ యంత్రంతో తొలగిస్తారు. పట్టాల్లో, నీటి గొట్టాల ముఖద్వారాల్లో ఒక్క పలుకు మిగిలినా తరువాత ఇబ్బందే.

జరిగే పలక అయితే పక్కల ఉండే మరలు విప్పి మార్చవచ్చు. మరలన్నీ ఒకేసారి బిగించరు. ముందుగా వదులుగా పెట్టి ఎత్తు సరిచూస్తారు. పలక ముందు అంచు పైకప్పుతో సమానంగా లేదా వెంట్రుకవాసి దిగువగా, వెనుక అంచు సమానంగా లేదా వెంట్రుకవాసి ఎగువగా ఉండాలి. తేడా వస్తే వేగంలో గాలి ఈల వేస్తుంది, వానలో నీరు దిగుతుంది.

అతికించే పలకకు శ్రమ ఎక్కువ. పాత పాలీయురెథేన్ జిగురును పూర్తిగా గీకివేయరు. 1, 2 మిల్లీమీటర్ల పలుచని పొరను ఉంచి దానిపైనే కొత్తది వేస్తారు. గీకేటప్పుడు రేకుపై గీత పడితే వెంటనే ప్రైమర్ పూయాలి. లేకుంటే అక్కడ తుప్పు మొదలై కొన్నాళ్లకు జిగురు పట్టు విడుస్తుంది. అద్దం అంచున కనిపించే నల్లని పట్టీ అలంకారం కాదు. జిగురుకు ఎండ తగలకుండా కాపాడే కవచం. జిగురు గొట్టంపై గడువు తేదీని యజమాని స్వయంగా చూసుకోవాలి. పనిని నీడ పట్టున చేయాలి. మండుటెండలో కాలిపోతున్న రేకుపై చేయరాదు.

ఈ బిగింపు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. అమెరికాలో 2012 డిసెంబరులో హ్యుందాయ్ సంస్థ సుమారు 13,500 వెలోస్టర్ కార్లను వెనక్కి పిలిపించింది. కర్మాగారంలో అమర్చే దశలోనే పనోరమిక్ సన్‌రూఫ్ బలహీనపడి, తరువాత అద్దం పగిలే అవకాశం ఉందన్నది కారణం. యంత్రాల నడుమ, నిపుణుల పర్యవేక్షణలో జరిగే చోటే ఇలా జరిగితే, అనుభవం లేని చేతుల్లో ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆరే వరకూ ఆగాలి

ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. పైపొర త్వరగా ఆరినట్లు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. 24 గంటల్లో 3, 4 మిల్లీమీటర్ల లోతు వరకే గట్టిపడడం సాధారణం. కారును ఎప్పుడు కదిలించవచ్చో జిగురు తయారీదారు ఇచ్చిన సూచన పత్రంలో ఉంటుంది. పెళ్లి ఉందనో, ప్రయాణం ఉందనో యజమాని తొందర పెట్టడం, మెకానిక్ సరేననడం ప్రమాదకరం. కారు బోల్తా పడితే పట్టు లేని అద్దం ఊడి, లోపలివారు బయటకు విసిరివేయబడే ముప్పు ఉంటుంది. ఆరే వరకు తలుపులు గట్టిగా వేయరాదు. ఒక కిటికీని కొద్దిగా దించి ఉంచితే లోపలి గాలి ఒత్తిడి అద్దాన్ని పైకి నెట్టదు.

చివరగా మోటారుకు పలక హద్దులు మళ్లీ నేర్పించాలి. మూసుకునేటప్పుడు చేయి అడ్డు వస్తే ఆగి వెనక్కి వెళ్లే రక్షణ ఏర్పాటు అప్పుడే సరిగా పనిచేస్తుంది. ఆపై నీళ్లు పోసి పరీక్షిస్తారు. మూలల్లో పోసిన నీరు గొట్టాల ద్వారా కారు కిందకు రావాలి. రాకపోతే అవి మూసుకుపోయినట్లే. ఆ నీరు తివాచీ కిందికి చేరి విద్యుత్ పరికరాలను పాడు చేస్తుంది. కారు అప్పగించే ముందు యజమాని ఈ పరీక్షను కళ్లారా చూడాలి.

బీమా లెక్క

సొంత నష్టానికి వర్తించే బీమా ఉంటే అద్దం పగులు దాని పరిధిలోకి వస్తుంది. మన మోటారు బీమా టారిఫ్ ప్రకారం గాజు భాగాలకు తరుగుదల కోత లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం 50 శాతం కోత ఉంటుంది. తరుగుదల లేని అదనపు రక్షణ తీసుకోకుంటే అంచు రబ్బర్ల ధరలో సగం యజమానే భరించాలి. చట్రం మొత్తం మార్చవలసి వస్తే ఈ లెక్క పెద్దదవుతుంది. క్లెయిము చేస్తే అప్పటివరకూ కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయిదేళ్లలో ఇది 50 శాతం వరకు పెరుగుతుంది కనుక రెండింటినీ బేరీజు వేసుకోవాలి.

5 ఏళ్లు దాటిన కార్లకు, తయారీ నిలిచిపోయిన మోడళ్లకు బీమా విలువను ఇరుపక్షాలూ మాట్లాడుకుని నిర్ణయించుకుంటాయి. మేబాక్ వంటి కారుకు ఆ అంకె తక్కువగా రాస్తే ఒక్క పైకప్పు అద్దం ఖర్చే బీమా విలువలో పెద్ద వాటాను మింగేస్తుంది. పాలసీ పునరుద్ధరణ వేళే ఈ విషయం తేల్చుకోవాలి. సర్వేయరు చూడకముందే పని మొదలుపెట్టించరాదు.

మామూలు కార్లకూ ఇదే పాఠం

ఒకప్పుడు కోటీశ్వరుల కార్లకే పరిమితమైన ఈ పైకప్పు నేడు మధ్యతరగతి కుటుంబాల కార్లలోకీ వచ్చింది. వాటి అద్దం కొద్ది రోజుల్లో దొరకవచ్చు. జిగురు, ప్రైమర్, ఎత్తు సరిచూడడం, ఆరబెట్టడం మాత్రం రెండింటికీ ఒక్కటే. అరుదైన కారు యజమాని నెలల తరబడి అద్దం కోసం ఎదురుచూస్తారు. అది వచ్చిన తరువాత జిగురు ఆరడానికి మరొక్క రోజు ఆగలేకపోతే ఆ నిరీక్షణ అంతా వృథా అవుతుంది.

ఇవి మరవొద్దు

* పగిలిన తరువాత సన్‌రూఫ్ మీట నొక్కరాదు.
* ఛాసిస్ నంబరుతోనే అద్దం ఆర్డరు ఇవ్వాలి.
* అద్దంపై ముద్ర, జిగురుపై గడువు తేదీ చూడాలి.
* సర్వేయరు వచ్చే వరకు పని ప్రారంభించరాదు.
* నీటి పరీక్ష జరిగాకే కారు తీసుకోవాలి.
* ఏటా వానాకాలానికి ముందు నీటి గొట్టాలను శుభ్రం చేయించాలి.