90 ఆంటియోపి

90 ఆంటియోపి అంగారక, బృహస్పతి గ్రహాల నడుమనున్న ప్రధాన గ్రహశకలాల పట్టీ లోని ఒక జంట గ్రహశకలం. దీనిని జర్మనీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ లూథర్ 1866 అక్టోబరు 1న డుస్సెల్‌డార్ఫ్ నుండి కనుగొన్నాడు. గ్రీకు పురాణాలలో ఆంటియోపి పేరు గల స్త్రీలు పలువురున్నారు. వారిలో ఒకరు కవలల తల్లి. ఈ శకలం తరువాతి కాలంలో జంటగా తేలడం మాత్రం కేవలం యాదృచ్ఛికం.

కక్ష్య

సూర్యుని నుండి దీని సగటు దూరం సుమారు 3.15 ఖగోళ ప్రమాణాలు, అనగా 47 కోట్ల కిలోమీటర్లు. సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి దాదాపు 5.6 సంవత్సరాలు పడుతుంది. కక్ష్య క్రాంతివృత్త తలానికి రెండు డిగ్రీలకు పైగా మాత్రమే వాలి ఉంటుంది. ఇది థెమిస్ కుటుంబానికి చెందినది. పూర్వం ఒక పెద్ద శకలం ఢీకొని బద్దలవగా ఈ కుటుంబం ఏర్పడినదని భావిస్తారు.

జంట స్వరూపం

134 సంవత్సరాల పాటు దీనిని ఒకే శకలంగా లెక్కించారు. 2000 ఆగస్టులో హవాయి దీవి లోని కెక్ దూరదర్శినితో, వాతావరణపు అలజడిని సరిదిద్దే అడాప్టివ్ ఆప్టిక్స్ పద్ధతిలో చూసినపుడు పక్కపక్కన రెండు చుక్కలు కనిపించాయి. భూమి నుండి చూస్తే వీటి మధ్య కోణీయ దూరం ఆర్క్ సెకనులో ఆరవ వంతు కూడా ఉండదు. కనుక మామూలు దూరదర్శినులకు ఇవి విడిగా కనబడకపోవడంలో వింత లేదు.

సాధారణంగా గ్రహశకలపు ఉపగ్రహం దానికంటే ఎంతో చిన్నది. ఉదాహరణకు ఇడా పొడవు సుమారు 60 కి.మీ. కాగా, దాని ఉపగ్రహం డాక్టిల్ వెడల్పు 1.5 కి.మీ. మాత్రమే. ఆంటియోపిలో ఏది ప్రధానమో, ఏది ఉపగ్రహమో చెప్పడం కష్టం. ఒకదాని వ్యాసం దాదాపు 88 కి.మీ., రెండవదానిది 84 కి.మీ. వీటి కేంద్రాల మధ్య దూరం సుమారు 171 కి.మీ.; నడుమనున్న ఖాళీలో అదే పరిమాణం గల మూడవ శకలం ఇంచుమించు పడుతుంది. రెండూ తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ 16.5 గంటలకొకసారి తిరుగుతూ, ఎల్లప్పుడూ ఒకదానికొకటి ఒకే ముఖాన్ని చూపుతాయి. పరస్పర ఆకర్షణ వలన రెండూ కొద్దిగా కోడిగ్రుడ్డు ఆకారానికి సాగి ఉన్నాయి.

భౌతిక లక్షణాలు

ఒంటరి గ్రహశకలం ద్రవ్యరాశిని తెలుసుకోవడం చాలా కష్టం. జంటలో ఆ చిక్కు లేదు: వాటి ఎడమును, భ్రమణ కాలాన్ని కెప్లర్ మూడవ సూత్రంలో ఉంచితే మొత్తం ద్రవ్యరాశి లభిస్తుంది. ఆ విధంగా లెక్కించగా సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.25 గ్రాములని తేలింది. ఇది నీటి కంటే కొంచెమే ఎక్కువ. ఉపరితలం బొగ్గు వలె నల్లనిది, కర్బన జాతికి చెందినది. అటువంటి రాతికి ఇంత తక్కువ సాంద్రత ఉండాలంటే లోపల కనీసం 30 శాతం ఖాళీ ఉండాలి. అనగా ఇవి గట్టి బండలు కావు, వదులుగా పేరుకున్న రాళ్ల కుప్పలు.

2011 జూలై 19న ఈ జంట ఒక నక్షత్రాన్ని కప్పినపుడు అమెరికా పశ్చిమ ప్రాంతంలో పలుచోట్ల నుండి పరిశీలకులు, వారిలో ఔత్సాహికులు కూడా, నక్షత్రం మాయమైన సమయాలను నమోదు చేశారు. వాటి నుండి రెండు శకలాల అంచులను గీయగలిగారు. ఒకదానిపై సుమారు 70 కి.మీ. వెడల్పు గల గొయ్యి ఉండవచ్చునని అంతకు రెండేళ్ల క్రితమే ఒక అధ్యయనం సూచించింది. అంత పెద్ద దెబ్బే మూలశకలాన్ని రెండుగా చీల్చిందా అన్నది చర్చనీయాంశం.